పంచాయతీ పనిముట్ల బండి: పాతదానిని మార్చుట, క్రొత్తదానిని అమర్చుకొనుట

చైత్ర వైశాఖములలో శివారు పల్లెలోని చేతిపంపు చెడిపోయినదని కబురు వచ్చును. మెకానిక్కు బయలుదేరును. పంపు దగ్గర మూత విప్పిన తరువాత గొట్టమును పట్టి నిలుపు బిగింపు బండిలో లేదని తెలియును. అది పంచాయతీ కార్యాలయపు మూలగదిలో నుండును, లేదా క్రిందటి వారము పని జరిగిన చోటనే యుండిపోయి యుండును. మరల నాలుగు మైళ్ళు పోయి తెచ్చుసరికి ప్రొద్దు గూకును. ఆ రాత్రి ఆ పల్లె స్త్రీలు పొలములోని మోటారు దగ్గరకు బిందెలు మోయవలసినదే. ఇట్టి సందర్భములలో మెకానిక్కును తప్పుపట్టుట వాడుక. మేము కొన్ని గ్రామములలో ఈ విషయమును పరిశీలించితిమి. తప్పు తరచుగా మనిషిది కాక, బండిదై యున్నది. మరియు బండిలో ఏ వస్తువునకు ఏది చోటో నిర్ణయింపకపోవుటయై యున్నది.

మన పంచాయతీలలో బండి కొనవలెననగానే సభ్యుల దృష్టి మొదట ధరమీదికి, తరువాత కంపెనీ పేరుమీదికి పోవును. అందులో ఏమి వేసికొని, ఎవరు, ఏ పనికి పోవుదురను ప్రశ్న చివరకు వచ్చును. కొన్నిచోట్ల రానే రాదు. ఈ వరుసను తలక్రిందులు చేయవలెనని మా మనవి. ముందు పనులు, పిమ్మట పనిముట్లు, వాటి పొడవు బరువులు, ఆ తరువాత బండి. ఈ వ్యాసములో మేము చెప్పబోవునదంతయు ఈ ఒక్క మాటకు వివరణమే.

పాత బండిని ఎప్పుడు మార్చవలెను

కొన్ని పంచాయతీలకు సొంత ఆటో ట్రాలీ గాని, చిన్న ట్రక్కు గాని కలదు. తెలంగాణములో 2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొనినవి. చెత్త ఎత్తుటకు, మొక్కలకు నీరు పోయుటకు ట్రాక్టరు మంచిదే. కాని ఒక పైపు రెంచి, నాలుగు వాషర్లు తీసికొని మూడు మైళ్ళు పోవుటకు ట్రాక్టరును కదల్చుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వంటిది. పైగా ఆ సమయమున అది చెత్త పనిమీద నుండును.

ఉన్న బండిని ఉంచుకొనవలెనా, మార్చవలెనా యను నిర్ణయము ఊహమీద జరుగరాదు. దానికి ఒక నోటు పుస్తకము చాలును. నడిచిన కిలోమీటర్లు, పోసిన డీజిలు, మరమ్మతు ఖర్చు, బండి కదలక నిలిచిన దినములు, ఆ దినములలో బయటి ఆటోకు ఇచ్చిన కిరాయి, ఈ అయిదును ప్రతి నెలా వ్రాయవలెను. ఒక ఊహా పంచాయతీ లెక్కను చూతము. పాత బండికి సంవత్సరమునకు మరమ్మతులు 48,000 రూపాయలు. బండి 40 దినములు షెడ్డులో నిలిచినది. ఆ దినములలో 15 మార్లు కిరాయి బండి పిలిచిరి. మారునకు 1,200 చొప్పున 18,000 రూపాయలు. వెరసి 66,000. క్రొత్త బండి ధర 6,00,000 అనుకొని, 12 ఏండ్లకు పంచినచో ఏటికి 50,000; చిల్లర మరమ్మతులు 12,000; వెరసి 62,000. డీజిలు, బీమా రెండింటికిని ఉన్నవే గనుక వాటిని విడిచితిమి. రూపాయలలో తేడా అత్యల్పము. ఇచ్చట నిర్ణయించునది ఆ 40 దినములు. అవి వర్షాకాలములో వచ్చినచో ఓర్చుకొనవచ్చును. ఫిబ్రవరి నుండి మే వరకు గల నెలలలో వచ్చినచో ఆ బండిని ఉంచుకొనరాదని మా అభిప్రాయము.

మరియొక గడువు సభ్యుల చేతిలో లేదు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహనముల నియమములను సవరించి, ప్రభుత్వ వాహనములకు 15 ఏండ్లు నిండిన పిమ్మట రిజిస్ట్రేషను ఉండదని ప్రకటించినది. ఇది 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రభుత్వ వాహనములన్న మాటలో మునిసిపాలిటీల, పంచాయతీల వాహనములు కూడ చేరియున్నవి. మొదటి రిజిస్ట్రేషను తేదీ నుండి 15 ఏండ్లు లెక్కింపవలెను. ఆ తరువాత బండిని 2021 నియమముల క్రింద నమోదైన తుక్కు కేంద్రమునకే అప్పగింపవలెను గాని, నడుపుకొనుటకని ఎవరికిని అమ్మరాదు.

ఈ నియమము వలన ఒక సంగతి తేలుచున్నది. పదునాలుగవ ఏట వరకు ఈడ్చిన బండికి ఇనుము ధర తప్ప రాదు. పది పండ్రెండేండ్లకే, అధికారుల అంచనాతో, నియమముల ప్రకారము వేలము వేసినచో, నడుచు బండి ధర వచ్చును. కావున ప్రతి పంచాయతీయు తన బండి ఆర్.సి. తీసి, మొదటి రిజిస్ట్రేషను తేదీని తీర్మానముల పుస్తకములో వ్రాసికొనుట మంచిది. పల్లె ప్రగతి నాళ్ళలో 2019-20లో కొనిన ట్రాక్టర్లకు, ఈ నియమము ఇట్లే యున్నచో, 2034-35లో ఆ గడువు వచ్చును. అది దూరముగా తోచవచ్చును. కాని నిధి కూడబెట్టుటకు అది ఎక్కువ కాలమేమియు కాదు.

పనిముట్ల జాబితాయే బండిని ఎన్నును

మన గ్రామములలో ఎక్కువగా నున్న చేతిపంపు ఇండియా మార్క్ రెండు. 1970 దశకములో యూనిసెఫ్ సాయముతో మన దేశములోనే రూపుదిద్దుకొనినది. దీనిలో 32 మిల్లీమీటర్ల ఇనుప గొట్టములు ఒకదాని క్రింద ఒకటిగా దిగియుండును. ఒక్కొక్కటి 3 మీటర్ల పొడవు. లోపల 12 మిల్లీమీటర్ల కడ్డీలు, అవియు 3 మీటర్లవే. సిలిండరులోని వాషరు అరిగినచో గొట్టములన్నియు పైకి లాగవలెను. సిలిండరు 30 మీటర్ల లోతున నున్నచో 10 గొట్టములు, 10 కడ్డీలు బయటికి రావలెను. తరువాత వచ్చిన మార్క్ మూడులో గొట్టము 65 మిల్లీమీటర్లది. దానిలో గొట్టములు కదల్పకయే కడ్డీలతో పాటు పిస్టనును పైకి తీయవచ్చును. మీ గ్రామములోని పంపులలో ఏవి ఏ రకమో ముందు లెక్కింపుడు. మార్క్ రెండు ఎక్కువగా నున్నచో బరువైన పనిముట్లు, గొట్టముల బిగింపులు, గొలుసు, మోకు అన్నియు బండిలో నుండవలెను. మార్క్ మూడు మాత్రమే యున్నచో సామాను చాలవరకు తగ్గును.

ఇచ్చట పొడవు ముఖ్యము. 3 మీటర్లనగా దాదాపు 10 అడుగులు. 2005లో వచ్చి మన వీధులన్నింట కనిపించుచున్న టాటా ఏస్ వంటి చిన్న ట్రక్కు బాడీ పొడవు సుమారు 7 అడుగులే. గొట్టమును అందులో పరచినచో మూడడుగులు వెనుకకు పొడుచుకొని వచ్చును. ఇది చూచుటకు చిన్న విషయము. చీకటిలో వెనుక వచ్చు మోటారు సైకిలు వానికి అది ఈటె. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, సరకు బండి దాటి ముందుకు గాని, వెనుకకు గాని, ప్రక్కకు గాని పొడుచుకొని వచ్చినచో 20,000 రూపాయల జరిమానా విధించుచున్నది. ఎర్ర గుడ్డ కట్టినంతమాత్రాన సరిపోవునని తలచువారు ఈ సంగతి గుర్తింపవలెను.

దీనికి రెండు దారులు కలవు. 10 అడుగుల బాడీ గల పెద్ద పికప్ కొనుట ఒకటి. ధర పెరుగును, ఇరుకు సందులలో తిరుగుట కష్టమగును. చిన్న ట్రక్కునే కొని, క్యాబిను పైనుండి వెనుక వరకు పొడవునా ఇనుప చట్రము కట్టించుట రెండవది. బండి మొత్తము పొడవు పండ్రెండడుగులకు పైగా నుండును గనుక పదడుగుల గొట్టము ఎటు వైపునను బయటికి రాదు. చట్రముపై బరువు ఎక్కువైనచో బండి మలుపులలో ఊగును గదా యని సభ్యులు అడుగవచ్చును. నిజమే. కాని పది గొట్టములును మోయ నవసరము లేదు. పంపులోనివే మరల దిగును. తుప్పుపట్టిన వాటికి బదులుగా నాలుగు గొట్టములు, నాలుగు కడ్డీలు చాలును. గొట్టము ఒక్కొక్కటి సుమారు తొమ్మిదిన్నర కిలోలు, కడ్డీ రెండున్నర కిలోలకు పైచిలుకు. అన్నియు కలిసి 50 కిలోలకు లోపే. అంత బరువు పైన నుండుటలో ప్రమాదము లేదు. మా మొగ్గు ఈ రెండవ దారి వైపే. మార్క్ మూడు పంపుల లావు గొట్టములు తరచుగా మోయవలసిన పంచాయతీలు మాత్రము పికప్‌ను ఆలోచింపవచ్చును.

బరువు లెక్క

చిన్న ట్రక్కు మోయగల బరువు 750 కిలోలని కాగితములో నున్నదనుకొందము. అది వట్టి సామానుకే యని భ్రమింపరాదు. మనము చేయించు చట్రములు, పెట్టెలు, వైసు కలిసి 110 కిలోలగును. డ్రైవరు, మెకానిక్కు కలిసి 140 అని వేయుదము. కొన్ని కంపెనీలు డ్రైవరు బరువును ముందే మినహాయించును. ఎట్లయినను వేసికొనుట క్షేమము. పంపు పనిముట్లు, గొలుసు 80. గొట్టములు, కడ్డీలు 50. విడి సిలిండరు, వాషర్లు, బోల్టులు 30. నిచ్చెన, వీధి దీపముల సామాను 40. గడ్డపారలు, పారలు, తట్టలు 40. పంపు గట్టు బాగుచేయుటకు రెండు సిమెంటు బస్తాలు 100. నూరు లీటర్ల నీటి డ్రమ్ము 100. కూడినచో 690. మిగిలినది 60 కిలోలు మాత్రమే. దారిలో ఎవరో అడిగిరని ఇంకొక రెండు బస్తాలు వేసికొనినచో హద్దు దాటినట్లే. హద్దు మించిన బరువునకు కూడ అదే 2019 సవరణలో 20,000 రూపాయల జరిమానా, దానిపై అదనపు టన్నుకు 2,000 చొప్పున కలదు. జరిమానా సంగతి అటుంచి, అధిక బరువున బ్రేకులు పట్టవు. చెరువు కట్ట దిగునప్పుడు ఈ మాట తెలియును.

కొనుటకు ముందే ఇట్టి పట్టికను మీ గ్రామమునకు సరిపడునట్లు వ్రాసి, పంచాయతీ సమావేశములో చదివి వినిపింపుడు. పంపు మెకానిక్కును, నీటి ట్యాంకు చూచువానిని, వీధి దీపముల పనివానిని ఆ సమావేశమునకు పిలువవలెను. వారు కుర్చీ వేసికొని మాట్లాడు అలవాటు లేనివారు, అడిగి చెప్పించుకొనవలెను. బండిలో దినమంతయు చేతులు పెట్టువారు వారే.

లోపలి అమరిక

బండి వచ్చినది. పూజ అయినది, కొబ్బరికాయ కొట్టితిరి. పని ఇప్పుడు ఆరంభమగును.

బరువైనవి క్రిందను, క్యాబిను వైపునను ఉండవలెను, తేలికవి పైన. కుడి ఎడమలు సమతూకముగా నుండవలెను. నీటి డ్రమ్మును ఒక మూల పెట్టిన బండి ఒక ప్రక్కకు ఒరిగి, ఆ ప్రక్క టైరు త్వరగా అరుగును. నిత్యము వాడు రెంచీలు, పానాలు, సుత్తి, రంపపు బ్లేడ్లు వెనుక తలుపు తీయగానే చేతికందవలెను. నెలకొకమారు వాడునవి లోపలికి పోవచ్చును. వెనుక తలుపును అడ్డముగా దింపి గొలుసులతో నిలిపినచో అదియే పని బల్ల యగును. దానికి దగ్గరగా, కదలని గట్టి చట్రమునకు పైపు వైసును బిగింపవలెను. పల్లెలో చెట్టు మొద్దుపై కాలితో నొక్కి గొట్టమునకు మర కోయు అవస్థ దీనితో తప్పును.

పనిముట్లు తగిలించు పలకకు తెల్లరంగు వేసి, ఒక్కొక్క పనిముట్టును దానిపై ఆనించి, చుట్టును నల్లరంగుతో గీయవలెను. ఏది లేకున్నను ఆ గీత ఖాళీగా కనిపించును. మెకానిక్కు చదువుకొనినవాడు కాకున్నను, సాయంకాలము బయలుదేరునప్పుడు ఒక్క చూపుతో రెంచి పంపు దగ్గర మరచినట్లు తెలియును. ఈ అమరికకు ఖర్చు ఒక రంగు డబ్బా. మేము చూచినవాటిలో ఇంతకు మించి ఫలితమిచ్చినది లేదు.

వాషర్లు, బోల్టులు, నట్లు చిన్న డబ్బాలలో వేరువేరుగా వేసి, డబ్బాపై ఒక నమూనాను తీగతో కట్టుడు. అక్షరములు చెరగును, నమూనా చెరగదు.

బ్లీచింగు పొడి విషయములో ప్రత్యేకముగా హెచ్చరింపవలసి యున్నది. బావులకు, ట్యాంకులకు వేయుటకు దీనిని తీసికొనిపోవుట తప్పదు. కాని దీని ఆవిరి ఇనుమును తినివేయును. పనిముట్ల పెట్టెలో ఒక సంచి నెల రోజులున్నచో పానాలన్నియు ఎర్రబడును. గ్రీజు, నూనె, డీజిలు తగిలినచో అది వేడెక్కి మంట పుట్టు అవకాశము కలదు. బిగుతు మూత గల ప్లాస్టిక్ డబ్బాలో, పనిముట్లకు, నూనెలకు దూరముగా, గాలి తగులు చోటను, ఏనాటి పనికి చాలినంత ఆనాడే వేసికొనవలెను. క్యాబినులో కాళ్ళ దగ్గర పెట్టుకొను అలవాటును మాన్పింపవలెను.

వీధి దీపములకు వాడు నిచ్చెన వెదురుది గాని, ఫైబరుది గాని కావలెను. అల్యూమినియము నిచ్చెన తేలిక. కాని తీగలకు తగిలినచో ప్రాణము పోవును. మంచి నిచ్చెన యున్నను లైన్‌మన్ విద్యుత్తును ఆపనిదే స్తంభము ఎక్కరాదు.

బాడీ అడుగున వాన నీరు పోవుటకు రంధ్రములు, పైన చట్రము, దానికి టార్పాలిను, పెట్టెలకు తాళములు ఉండవలెను. ఒకే తాళపుచెవి అన్నింటికి పట్టుట మేలు. రెండవ చెవి కార్యదర్శి వద్ద నుండవలెను. చట్రములను బోల్టులతో బిగింపవలెను గాని, బండి ఛాసీకి రంధ్రములు వేయుట, వెల్డింగు చేయుట కూడదు. ఛాసీ బలహీనపడును, కంపెనీ హామీ పోవును. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లు బండిని మార్చుట 1988 చట్టములోని 52వ సెక్షనుకు విరుద్ధము. చట్రము కట్టింపకముందే దాని పటమును రవాణా అధికారికి చూపుట, కట్టించిన పిమ్మట బీమా కంపెనీకి వ్రాతపూర్వకముగా తెలుపుట శ్రేయస్కరము.

కాగితములు, డబ్బు, పొరుగు పంచాయతీలు

ఇట్టి చిన్న ట్రక్కు నడుపుటకు తేలికపాటి వాహనముల లైసెన్సు చాలును. మొత్తము బరువు 7,500 కిలోలకు మించని సరకుల బండ్లకు వేరుగా రవాణా అనుమతి అక్కరలేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది. ఫిట్‌నెస్ పత్రము క్రొత్త బండికి రెండేండ్లు. ఎనిమిదేండ్ల వరకు రెండేండ్లకొకమారు, పిమ్మట ఏటేటా. బాడీలో కూలీలను ఎక్కించుకొనిపోవుట మన ప్రాంతమున సర్వసాధారణమై యున్నది. ప్రమాదము జరిగినచో బీమా కంపెనీ పరిహారము నిరాకరించును. ఆ భారము పంచాయతీపై పడును. ఇది అధ్యక్షులు కఠినముగా నుండవలసిన చోటు.

నిధుల విషయము తొందరలో తేల్చునది కాదు. 2021-26 ఐదేండ్లకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామీణ సంస్థలకు ఇచ్చిన నిధులలో 60 శాతము త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడి యుండెను. 40 శాతము స్థానికావసరములకు విడువబడెను. ఏ నిధి వచ్చినను, ఏ పద్దు నుండి బండి కొనవచ్చునో పై అధికారుల నుండి వ్రాతపూర్వకముగా తెలిసికొనిన పిమ్మటనే తీర్మానము చేయుడు. పాత కొటేషన్లను నమ్మరాదు. 2025 సెప్టెంబరు 22 నుండి సరకుల వాహనములపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. 2016లో ఆరంభమైన ప్రభుత్వ ఈ-మార్కెటులోని ధరను కూడ సరిపోల్చుకొనవలెను. చట్రముల ఖర్చును బండి అంచనాలోనే చేర్చుడు. లేకున్నచో బండి వచ్చును, పెట్టెలకు డబ్బు చాలదు, పనిముట్లు గోనె సంచిలో పడియుండును.

వేయి జనాభా గల చిన్న పంచాయతీకి సొంత బండి బరువే. మూడు నాలుగు పొరుగు పంచాయతీలు కలిసి ఒకదానిని ఉంచుకొనుట న్యాయముగా తోచుచున్నది. కాని వట్టి నోటి మాటమీద నడిపినచో మొదటి వేసవిలోనే తగాదా వచ్చును. ఎవరి వాటా ఎంత, బండి రాత్రి ఎచ్చట నిలుచును, డీజిలు ఎవరు పోయుదురు, ఒకే దినమున రెండు గ్రామములు అడిగినచో ఎవరిది ముందు, ఈ నాలుగింటిని అన్ని పంచాయతీలును ఒకే మాటలతో తీర్మానింపవలెను. చివరిదానికి మా సూచన యిది: త్రాగునీటి పని దీపముల పనికంటె ముందు, రెండును నీటి పనులే యైనచో వేరొక పంపు లేని పల్లెది ముందు.

పాత బండిని వేలమునకు గాని, తుక్కు కేంద్రమునకు గాని పంపకముందు అందులోని వైసు, పెట్టెలు, జాకీ, స్టెప్నీ టైరు వేరు చేసి సామాను రిజిస్టరులో వ్రాయుడు. వేలము వేయునదైనచో ఏవి బండితో పోవుచున్నవో ముందే ప్రకటింపుడు. తుక్కు కేంద్రము ఇచ్చు నిక్షేప ధ్రువపత్రమును భద్రపరుపుడు. క్రొత్త బండి రిజిస్ట్రేషను రుసుములో అది పనికివచ్చును. ఆర్.సి. రద్దయినట్లు రవాణా కార్యాలయమునుండి కాగితము చేతికి వచ్చిన పిమ్మటనే పాత బండి పేరును పంచాయతీ ఆస్తుల పట్టికనుండి కొట్టివేయవలెను.